వడ్రంగిపిట్ట కొట్టేసిన మాటలు

ఆ అడవిలో రోజూ పొద్దున్నే చిలక కొండరాతి మీద కూర్చుని వార్తలు చెప్పేది. చెప్పేది చిలకే అయినా, ఏం చెప్పాలో తేల్చేది ప్రధాన సంపాదకుడైన ముసలి వడ్రంగిపిట్ట. ఎవరు ఏ కబురు తెచ్చినా అందులో సగం కొట్టేసేవాడు. "వార్తలో ఏడుపు ఉండకూడదు" అనేవాడు.

ఒకసారి పూరేడుపిట్ట వచ్చింది. "అన్నా, నా పిల్లల్ని పాము మింగేసింది. చిన్నదైతే ఎప్పుడూ నా రెక్క కిందే పడుకుంటానని మారాం చేసేది."

"చిన్నదాని మారాం ఎవరిక్కావాలమ్మా?" అన్నాడు వడ్రంగిపిట్ట.

"పొదల్లో పాము తిరుగుతోంది, జాగ్రత్త" అని మాత్రం చెప్పింది చిలక. ఆ మాట విని చాలామంది బతికారు, అదీ నిజమే. పూరేడు తలొంచుకుని వెళ్లిపోయింది.

వానాకాలం వచ్చింది. ఒకరోజు వడ్రంగిపిట్ట తడిసిన రెక్కలతో రాతి దగ్గరికి వచ్చాడు.

"రాత్రి గాలికి మా చెట్టు కూలిపోయిందే, చిలకా. తొర్రలో మా ఆవిడ గుడ్ల మీద కూర్చునుంది. బయటికి వచ్చెయ్యమని అరిచాను. గుడ్లు చల్లారిపోతాయంది, రాలేదు."

చిలక కాసేపు ఆలోచించి, రాతి మీదికెక్కి గొంతు సవరించుకుంది.

"రాత్రి గాలికి ఒక చెట్టు కూలింది."

దిగి వచ్చి, "ఒక్క మాటయినా ఎక్కువ లేదు కదా, తాతా?" అంది గర్వంగా.

"లేదమ్మా" అన్నాడు వడ్రంగిపిట్ట.

వార్త విన్నవాళ్లంతా ఎవరి మేతకి వాళ్లు వెళ్లిపోయారు. పూరేడు మాత్రం వచ్చి అతని పక్కన కూర్చుంది.

"వదిన ఇంకేమంది, అన్నా?" అని అడిగింది.