అత్తయ్యకు నచ్చని హోటళ్లు

ఊళ్లో విదేశీ ఆసియా వంటలు బాగా చేసే హోటల్ ఏదో తేల్చుకోవాలని కోడలు ప్రతి ఆదివారం అత్తగారిని వెంటేసుకుని సముద్రపు ఒడ్డంతా తిరుగుతోంది. అత్తగారికి థాయి వాళ్ల వంట తీపి, కొరియా వాళ్లది మంట.

ఇవాళ జపాను హోటల్లో ఆవిడ ఖాళీ చేసిన నూడుల్స్ గిన్నెను పక్కకు నెట్టి, “చప్పగా ఉందే” అని పెదవి విరిచింది.

“ఊళ్లో ఇదే ఆఖరిది అత్తయ్యా. ఇంక వెతకడం మానేద్దాం” అంది కోడలు.

అత్తగారి ముఖం చిన్నబోయింది.

“ఆ థాయి వాళ్లది మళ్లీ ఓసారి చూద్దామా? ఆ రోజు నాకు నోరు బాగోలేదు.”

కోడలు నవ్వు ఆపుకుంది. “అలాగే వెళదాం. కానీ పొరపాటున కూడా బాగుందనకండి. అన్నారంటే ఈ వెతుకులాట అయిపోయినట్టే, ఆపై ఆదివారం నుంచి మనిద్దరికీ మళ్లీ వంటిల్లే గతి.”