పచ్చ డైరీలో పందొమ్మిది రోజులు

“లిఫ్టు పన్జేస్తలేదు సార్. మూడో అంతస్తు, మెట్లెక్కి పోవాలె,” అన్నాడు వాచ్‌మన్ కొమురెల్లి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

పొద్దున్నే మొదలెట్టేశాడన్నమాట, అనుకున్నాడు భూషణం. “కెప్టెన్ గారున్నారా?”

“ఇంట్లనే ఉన్నరు.” కొమురెల్లి మొహం తిప్పుకున్నాడు. “పైకి పోయి లొల్లి జెయ్యకుండ్రి సార్, జర.”

వాచ్‌మన్‌తో కూడా చెప్పించుకోవాల్సి వచ్చింది! ఉప్పల్ రింగు రోడ్డులో రాస్తారోకో వల్ల అప్పటికే గంట ఆలస్యం. భూషణం ఆయాసపడుతూ మెట్లెక్కాడు.

ఏ పైలట్ ఏ రోజు ఏ విమానం నడపాలో చార్టు వెయ్యడం అతని ఉద్యోగం. పెద్ద కంపెనీ ఏం కాదు. మూడు చిన్న విమానాలు. రాజమండ్రి, తిరుపతి, బెజవాడ. పని గంటలు తగ్గించకపోతే మూకుమ్మడిగా సెలవు పెడతామని పైలట్లు పోయిన వారమే బెదిరించారు. అన్నంత పనీ చేశారు. ఈ పొద్దున ఏడింటికల్లా నలుగురు కెప్టెన్లు డ్యూటీకి రాలేమని మెసేజ్ పెట్టి ఫోన్లు కట్టేశారు. వాళ్ళకు పెద్ద దిక్కయిన జగన్మోహన్ అసలు ఫోనే ఎత్తడం లేదు.

“రెండింటికి రాజమండ్రి ఫ్లైటు కదలకపోతే నువ్వు మళ్ళీ ఆఫీసుకి రానక్కర్లేదు,” అన్నాడు బయల్దేరేటప్పుడు జనరల్ మేనేజర్ అచ్యుతరావు. భూషణానికి యాభై మూడేళ్ళు. ఈ వయసులో ఇంకెవరిస్తారు ఉద్యోగం?

గుమ్మం ముందు పది జతల చెప్పులు. వాటి మధ్య నల్లగా మెరుస్తూ నాలుగు జతల యూనిఫాం బూట్లు. అదీ సంగతి! డ్యూటీకి రాలేనివాళ్ళు మీటింగుకి మాత్రం రాగలిగారు.

జగన్మోహన్ భార్య అరుణకుమారి తలుపు తీసింది. “రండి అన్నయ్యగారూ.”

హాల్లో ఎవరూ లేరు, సోఫా మూల ముడుచుకు కూర్చున్న కూతురు హరిచందన తప్ప. పడగ్గది తలుపు వేసి ఉంది. పిల్ల స్కూలు యూనిఫాంలో ఉంది. ఒకవైపు జడ వేసి రిబ్బను కట్టారు. రెండోవైపు జుట్టు అలాగే విరబోసి ఉంది. పెద్దవాళ్ళు కుట్రల్లో పడితే పిల్లల గతి ఇంతే.

“స్కూలుకి వెళ్ళలేదేం తల్లీ?”

పిల్ల తల్లి వైపు చూసింది.

పదేళ్ళుగా వస్తున్నాడు భూషణం ఈ ఇంటికి. కుర్చీలో సర్దుకునేలోపే ఫిల్టర్ కాఫీ గ్లాసు చేతికొచ్చేది. ఇవాళ వంటింట్లో చెంచా చప్పుడైనా లేదు. మేనేజ్‌మెంటు మనిషికి కాఫీ కూడా దండగ అనుకున్నట్టున్నారు.

“జగన్‌ని ఒక్కసారి లేపమ్మా.”

“కంటినిండా నిద్రపోయి పందొమ్మిది రోజులైంది అన్నయ్యగారూ. నేనెలా లేపను?”

తలుపు వెనక ఎవరో గొంతులో ఏదో అణుచుకున్న చప్పుడైంది. నవ్వాపుకుంటున్నారు! భూషణానికి ఒళ్ళు మండింది.

“దాపరికాలొద్దు చెల్లెమ్మా. బయట బూట్లు చూశాను. ఏం కావాలో సూటిగా చెప్పండి. నేను మధ్యలో నలిగిపోయేవాణ్ణే గానీ శత్రువుని కాను.”

“నాకొక కాగితం కావాలి,” అంది అరుణకుమారి. “ఇన్‌స్పెక్షన్ వాళ్ళకి చూపించే చార్టు కాదు. మీ బ్యాగులో పచ్చ డైరీ ఉంటుందట. అసలు డ్యూటీలన్నీ అందులోనే ఉంటాయట. ఈ పందొమ్మిది రోజులూ మీ చేత్తో రాసి సంతకం పెట్టండి.”

భూషణం చెయ్యి బ్యాగు మీద బిగుసుకుంది. “అదెందుకమ్మా నీకు?”

“పోయినేడు కెప్టెన్ రామచంద్రరావు గారు విమానం దిగుతూ మెట్ల మీదే కూలిపోయారు. మర్నాటికల్లా ఆయన వారంగా సెలవులో ఉన్నట్టు చార్టు పుట్టింది. అందుకు.”

“రాసిస్తే వస్తాడా?”

“రాసివ్వండి. ఆ తలుపు నేనే తీస్తాను.”

భూషణం బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. “రాసి పారెయ్!” అరిచాడు అచ్యుతరావు. “ముందు ఫ్లైటు ఎగరనీ. కాగితం సంగతి రేపు చూసుకుందాం.”

తిరిగొచ్చి రాశాడు. తేదీలు, విమానాలు, ఎక్కిన వేళ, దిగిన వేళ. పందొమ్మిది వరసలు, మధ్యలో ఒక్క ఖాళీ లేదు. రాస్తుంటే తనకే ఎలాగో అనిపించింది.

“సోమవారం ఎడం భుజం లాగుతోందని, ఒక్కరోజు సెలవిమ్మని మీకు ఫోన్ చేశారు. అదీ రాయండి.”

“పైలట్లందరూ ఏదో ఒక నొప్పి చెబుతారమ్మా.”

“మీరేమన్నారో అది కూడా.”

పెన్ను ఆగింది. ‘ఈ ఒక్క ట్రిప్పూ కొట్టెయ్ బావా, నా పరువు కాపాడు’ అన్నాడు తను. సోమవారం అన్నాడు. మంగళవారం మళ్ళీ అన్నాడు. నిన్న కూడా అన్నాడు.

రాశాడు.

“సంతకం పెట్టి, కింద ఇప్పటి టైము కూడా వెయ్యండి.”

పదకొండూ నలభై. అరుణకుమారి ప్రతి వరసా రెండుసార్లు చదివి కాగితం మడిచింది. “తేజేష్!” అని పిలిచింది. జగన్మోహన్ పక్క సీట్లో కూర్చునే కుర్ర కో-పైలట్ గదిలోంచి వచ్చి, వెనకే తలుపు లాగేసి, కాగితం అందుకున్నాడు. భూషణం మొహం చూడకుండా గబగబా మెట్లు దిగిపోయాడు.

పోనీలే. ఇప్పుడు బయల్దేరినా ఒంటిగంటకి శంషాబాద్‌లో ఉండొచ్చు. భూషణానికి చాలాసేపటికి ఊపిరాడింది.

“నా మాట నేను నిలబెట్టుకున్నాను చెల్లెమ్మా. ఇక నీ వంతు.”

అరుణకుమారి పిల్లని దగ్గరకు తీసుకుని, విరబోసి ఉన్న జుట్టు చెవి వెనక్కి సర్దింది. లేచి వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. లోపల గోడవారగా నిలబడ్డ నలుగురు కెప్టెన్లూ పక్కకి తప్పుకున్నారు.

చాప మీద జగన్మోహన్ తల దగ్గర దీపం వెలుగుతోంది.