సరిపోయిన వైరు

ఇంత చిన్న విషయాలకు దేవుణ్ణి విసిగించవచ్చా అన్నది వెర్నాకు ఏళ్ళుగా తీరని సందేహం. తప్పిపోయిన తాళంచెవి కోసం, పొంగని రొట్టె కోసం ప్రార్థించడానికి ఆమెకు ఎప్పుడూ మనసొప్పేది కాదు.

ఈ శనివారం మాత్రం ఒప్పింది. వంటింటి బల్ల మీద కంప్యూటరు విడిభాగాలు పరిచి ఉన్నాయి. స్క్రూడ్రైవరు ఆమె చేతిలో ఉంది.

ఊళ్ళో సగం ఇళ్ళకు కంప్యూటర్లు బిగించి ఇచ్చినవాడు ఆమె భర్త హార్లన్. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. అంతే.

అక్టోబరులో ఆయన కంప్యూటరును ఆమే పాడుచేసింది. లోపలి దుమ్మంతా ఇల్లు ఊడ్చే వాక్యూమ్ పెట్టి లాగెయ్యమని పొరుగింటి వెండెల్ చెబితే, నమ్మి లాగేసింది. మళ్ళీ అది వెలగలేదు. ఆ రోజు నుంచి హార్లన్ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఈ కొత్తది వెలిగితే మాట్లాడతాడు. వెలగకపోతే చలికాలమంతా ఇంట్లో ఇదే మౌనం.

పాతదాంట్లో పాడవకుండా మిగిలింది డిస్కు ఒక్కటే. హార్లన్ కోసం సిటీ నుంచి ఒకావిడ వచ్చి, రోజంతా కూర్చుని సిద్ధం చేసి ఇచ్చిన డిస్కు అది. అదీ పోతే, మంచు కరిగేదాకా ఆవిడ మళ్ళీ రాదు.

వెండెల్ బూట్లకంటిన మంచు దులుపుకుని లోపలికి వచ్చాడు. హార్లన్ వైపు చూడకుండానే కాఫీ పోసుకున్నాడు.

“ఇంకా అవలేదా వెర్నా? ఈపాటికి నేనైతే ట్రాక్టరే బిగించేసేవాణ్ణి.”

“నువ్వు బిగించిన ట్రాక్టరేగా చర్చి ముందు ఆగిపోయింది? పాస్టరుగారితో సహా అందరం తోశాం.”

వెండెల్ నవ్వాడు. “సర్లే, ఎక్కడ ఆగావు?”

“కరెంటిచ్చే ఈ కొత్త పవర్ పెట్టె వైరు డిస్కు దాకా అందట్లేదు. జానెడు తక్కువ.”

“పాత పెట్టె వైరు పొడుగ్గా ఉందిగా.” అతను దాన్ని తీసి గుచ్చాడు. టక్కున కూర్చుంది. “చూశావా, దీనికోసమే చేసినట్టుంది.”

“పాత వైర్లు కలపొద్దని పెట్టెతో వచ్చిన కాగితంలో రాశారు. డిస్కు కాలిపోతుందట.”

“కొత్త వైర్లు అమ్ముకోవాలని రాస్తారమ్మా. వైరుకు కొత్తేంటి, పాతేంటి? నొక్కు.”

“వాక్యూమప్పుడూ ఇలాగే అన్నావు.”

“అయితే ఆయన్నే అడుగు” అన్నాడు వెండెల్. అనేసి నాలిక కరుచుకున్నాడు.

వెర్నా తలెత్తింది. హార్లన్ ఆ వైరునే చూస్తున్నాడు. రెప్ప వెయ్యడం లేదు. ఉప్పెక్కువైన సూపును కూడా ఆయన అలాగే చూసేవాడు.

ఆమె వైరు పీకేసింది. మరలు విప్పి, డిస్కును పైగూట్లోకి మార్చింది. కొత్త వైరు అందింది.

“మొండిదానివి” అన్నాడు వెండెల్.

“ప్రభువా, చిన్న విషయమే” అని గొణిగి, వెర్నా మీట నొక్కింది.

ఏమీ కాలేదు. ఫ్యాను కదల్లేదు. వెండెల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. హార్లన్ చూపు పెట్టె వెనక్కి జరిగింది. వెర్నా చెయ్యి పోనిచ్చి తడిమింది. పవర్ పెట్టె వెనకున్న స్విచ్చి వెయ్యనే లేదు.

వేసి, మళ్ళీ నొక్కింది.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. చాలాసేపు నల్లగానే ఉంది. తర్వాత వెలిగింది.

ఆమె తెరను హార్లన్ ముఖానికి ఎదురుగా జరిపింది. చేతులు జోడించి, “నీకు స్తోత్రం తండ్రీ” అని ఆగింది.

తెర కింది కెమెరా హార్లన్ కంటిపాపల వెంట ఒక్కొక్క అక్షరమే ఏరుకుంటే, జబ్బు ఎప్పుడో లాగేసుకున్న ఆయన గొంతుకు బదులుగా స్పీకరు, అక్టోబరు నుంచి ఆమె ప్రార్థనలన్నిటికీ బాకీపడిన ఆ ఒక్క మాట పలికింది: “ఆమెన్.”