గంట జవాబు

ఏడు రోజులు దిగకుండా సైకిలు తొక్కుతానని చాటి, వైకుంఠం లాడ్ బజార్ వెనక మైదానంలో తిరుగుతున్నాడు. అతను నిద్రపోకుండా కాచేవాడు యూనుస్. చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా యూనుస్ పేరు పెట్టి పిలవాలి, వైకుంఠం గంట కొట్టి బదులివ్వాలి.

ఆరో రాత్రి గాలికి గ్యాసుదీపం ఆరిపోయింది. అయినా గంట ఒక్కసారీ తప్పలేదు. యూనుస్ చీకట్లో పక్కనే పరుగెత్తి పాలు అందించాడు. ఖాళీ గ్లాసు చేతికొచ్చింది. మళ్లీ పాల కోసం గుడారంలోకి వెళ్లి అగ్గిపుల్ల గీశాడు. వైకుంఠం దుప్పటి కప్పుకొని గురక పెడుతున్నాడు.

యూనుస్ అతణ్ని కుదిపి లేపాడు. "ఆరు రాత్రులు కన్ను మూయకుండ నీ ఎంబడి ఉరికిన. నన్నే మోసం జేస్తవా?"

"మాఫ్ చెయ్ భాయ్. దీపం ఆరంగనే దిగి పండుకున్న. సైకిలు గీడనే ఉన్నది, చూడు."

బయట గంట మోగింది. యూనుస్ ఇంకా పిలవనేలేదు.