నలభై అయిదో రోజు

“రేపు ఇస్తాను సార్,” అంటూ టైపిస్టు తన చేతిలోని కాగితాన్ని గబుక్కున వీపు వెనక్కి దాచేసుకుంది.

“దాచడానికి అదేమన్నా ప్రేమలేఖా? ఇటివ్వు,” అన్నాడు సూపరింటెండెంటు.

ఫిర్యాదుకి ఎన్ని నకళ్ళు పెట్టాలో అడిగి పోదామని ఆమె, వచ్చిన కాగితాలకి ముద్ర వేసి తీసుకునే ఇన్వర్డు గుమాస్తా కోసం వచ్చింది. గుమాస్తా సెలవు. తేదీ ముద్ర, రిజిస్టరు ఆ వేళకి సూపరింటెండెంటు బల్ల మీదికి బదిలీ అయ్యాయి. ముద్ర వేసేవాళ్ళకంటే నిద్ర తీసేవాళ్ళే ఎక్కువైన ఆ ఆఫీసులో మరో దిక్కు కూడా లేదు.

“మీకెలా ఇవ్వను సార్?”

“ఇవాళ ఇన్వర్డు నాది. నాకు కాక కిటికీకిస్తావా? తే. కాగితం కరవదులే.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదవసాగాడు. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

విషయం కాగితానికి చిన్నది, ఆమె బతుక్కి పెద్దది. రికార్డు గది ఇన్‌ఛార్జి పోస్టుకి వరసలో మొదటి పేరు ఆమెదే. పదహారేళ్ళ సర్వీసు. ఏ ఫైలు ఏ అరలో ఉందో ఆ ఫైలుకి తెలియకపోయినా ఆమెకి తెలుసు. కాకపోతే ఎడమకాలు చిన్నప్పటినుంచీ పొట్టి. పోస్టు రెండో పేరుకి పోయింది. అలా కాలు వంకతో పక్కకి నెట్టడం వివక్ష అనీ, నలభై అయిదు రోజుల్లోపు విచారణ కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చనీ రూలుంది. ఆ రూలున్నట్టు తెలియడానికి ఆమెకి ముప్ఫై రోజులు పట్టింది. మిగతావి ధైర్యం కూడగట్టుకోవడానికి సరిపోయాయి.

“రేపటిదాకా గడువుంది కదా సార్?”

“ఎలా లెక్కేశావ్?”

“జాబితా బోర్డు మీద పెట్టిన మంగళవారం నుంచి.”

“కొంప ముంచావ్. గోడకి తెలిసిన రోజు కాదమ్మా, నీకు తెలిసిన రోజు నుంచి లెక్క. పోస్టు నీకు లేదని మొహం మీద చెప్పింది ముందురోజు, సోమవారం. టీ వేళ. నలుగురి ముందు.”

“మీకు గుర్తుందా సార్?”

“మర్చిపోయే మాటా అది?” ఆయన క్యాలెండరు గళ్ళ మీద వేలు నడిపించాడు. “ఇవాళ గురువారం. నలభై అయిదో రోజు ఇవాళే. అయిదింటిలోపు ముద్ర పడకపోతే రేపు ఇది ఫిర్యాదు కాదు, పొట్లం కట్టుకునే కాగితం.”

ఆమె కుర్చీలో కూలబడింది. “అప్పుడు కాలు అడ్డమొచ్చింది. ఇప్పుడు కాలం అడ్డమొస్తోంది.”

ఇంకోరోజైతే ఆయన ఆ మాట అందుకుని దానికి మరో మాట ముడేసి సెక్షనంతా నవ్వించేవాడు. ఇవాళ నవ్వలేదు.

“ఇంకా అరగంట పైనే ఉంది. ఇది చింపేసి మళ్ళీ రాయి.”

“ఎందుకు సార్?”

“‘నన్ను కించపరిచారని మనవి’ అంటే ఏం తెలుస్తుంది? కమిటీవాళ్ళకి జ్యోతిషం రాదు. అన్న మాట అన్నట్టు దింపు.”

“ఆ మాటలా?”

“అక్షరం పోకుండా.”

ఆమె పెన్ను ఆగి ఆగి కదిలింది. ‘మన ఫైళ్ళు కుంటినడక నడుస్తున్నది చాలదా, ఇన్‌ఛార్జి కూడా కుంటాలా?’

“ఆ తరవాత?”

“అందరూ నవ్వారు.”

“రాయి.”

“నేనూ నవ్వాను సార్.”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. “అదీ రాయి.”

“పేరు కూడా రాయాలా?”

“రాయక? గాలి మీదా ఫిర్యాదు?”

“పూర్తి పేరా?”

“ఇంటిపేరుతో సహా. ఆ పేరున్నవాళ్ళు ఈ ఆఫీసులో ఇద్దరు. పాపం, రెండోవాడు ఇరుక్కుంటాడు.”

పెన్ను మళ్ళీ ఆగింది. “పోనీ ఇదంతా లేకుండా, పైవాళ్ళకి మీరే ఓ మాట చెబితే...”

“సంతకాలు పడిన జాబితా జాలికి తెరుచుకోదమ్మా. ఫిర్యాదుకే తెరుచుకుంటుంది. అదీ గడువులోపల వస్తేనే.”

“రేపట్నుంచి ఆ మొహం ఎలా చూడను సార్?”

“మొహం చాటెయ్యాల్సింది నువ్వు కాదు. కానియ్, రాయి.”

పది రోజుల కిందట ఆ ఆఫీసుకి బదిలీ అయి వచ్చిన అటెండరు తాళాలగుత్తి ఆడిస్తూ గుమ్మంలోకొచ్చాడు. “అయిదవుతోంది సార్. తాళాలు...”

“తాళాల సంగతి తరవాత. ముందు నువ్వు తాళు.”

జెరాక్సు మిషను రెండంతస్తుల కింద ఉంది. ఆమె లేవబోయింది. ఆయన చేత్తోనే వారించి, కాగితం అందుకుని తానే దిగాడు. రిటైర్మెంటుకి ఏడాది దూరంలో ఉన్న మనిషి, మూడు నకళ్ళతో తిరిగొచ్చేసరికి ఒగర్పు ముందొచ్చి, ఆయన తరవాత వచ్చాడు. నాలుగూ యాభై అయిదు.

ముద్ర ఎత్తి చూస్తే అందులో నిన్నటి తేదీ ఉంది. తిప్పేవాడు సెలవులో ఉన్నాడు మరి.

“నిన్నటిదైతే ఇంకా మంచిదే కదా సార్?”

“వద్దు. తప్పు తేదీ ఒక్కటి చాలు, అవతలివాడు అందులోంచే దూరిపోతాడు. సందివ్వకు.” గోటితో తేదీ చక్రం ఒక పన్ను తిప్పాడు. ఠప్పుమని ముద్ర పడింది. రిజిస్టర్లో నంబరు ఎక్కింది. నాలుగూ యాభై ఎనిమిది.

“ఈ నకలు భద్రంగా ఉంచుకో. అడిగితే ఇదే నీ సాక్షి.”

ఆమె నకలు మడిచి సంచిలో పెట్టుకుంది. తలూపి వెళ్ళిపోయింది. మెట్ల మీద ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పడుతున్న ఆ అడుగులు చివరి మెట్టు దాకా ఆయన చెవొగ్గి విన్నాడు.

“మీరు కుర్చీలోంచి లేవడమే చూళ్ళేదు సార్, ఇవాళ పరుగులే పెట్టారు,” అన్నాడు అటెండరు కిటికీ రెక్కలు మూస్తూ. “ఇంతకీ ఆ ఫిర్యాదు ఎవరి మీద?”

సూపరింటెండెంటు రిజిస్టరు మూశాడు.

“నా మీదే.”