సీసం పొడి

ఈ ఉదయం ఆస్పత్రికి బయల్దేరుతూ నాన్న చొక్కా బొత్తాం పెట్టుకోబోయి, వేళ్ళు వణికి, రెండుసార్లు వదిలేశారు. నేనే పెట్టాను. "పుస్తకాల పురుగువి, నీకు ఈ పని కూడా వచ్చా?" అన్నారు నా ముఖం చూడకుండా. ఆయనకి అంత దగ్గరగా నిలబడటం నాకు కొత్త.

బ్యాటరీల కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళు సీసం కరిగించారు నాన్న. ఆ సీసమే ఇప్పుడు ఆయన రక్తంలో ఉందని డాక్టరుగారు చెప్పారు.

"ఆ సీసం పొడి బట్టలకి అంటుకుని ఇంటికి కూడా వస్తుందండీ. పెద్దవాళ్ళకంటే చంటిపిల్లలకి ప్రమాదం. పని నుంచి రాగానే ఏం చేసేవారు?"

"పెరట్లోనే బట్టలు విప్పేసి, ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసేవాణ్ణండి. అందాకా ఈ పిల్లని దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు."

నాకు గుర్తుంది. సాయంత్రం గుమ్మంలోకి పరుగెత్తితే, "ఆగవే, దగ్గరికి రాకు" అని కసిరేవారు. ఆయన స్నానం చేసి వచ్చేసరికి నేను అలిగి ఓ మూల పుస్తకం తెరుచుకునేదాన్ని. నేనంటే ఇష్టం లేదనుకున్నాను. కొన్నాళ్ళకి ఎదురెళ్ళడమే మానేశాను.

"చాలా మంచిపని చేశారు," అన్నారు డాక్టరుగారు. "ఆ రోజుల్లో మీకు ఇదంతా ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి," అన్నారు నాన్న.

నాకంటే ముందు మా ఇంట్లో ఒక అక్క ఉండేది. నాన్న పని నుంచి రాగానే చంకెక్కి, ఆయన భుజం మీదే నిద్రపోయేదట. మూడేళ్ళు నిండకముందే ఫిట్లు వచ్చి పోయింది.