గండిలో బుల్డోజరు

బుల్డోజరు సరిగ్గా గండిలో ఆగిపోయింది.

అటూ ఇటూ వెయ్యేళ్లనాటి మట్టిగట్టు. మధ్యలో మనుషులూ బండ్లూ నడిచి నడిచి అరగదీసిన ఆ ఒక్క సందు. దాన్ని నిండా మూసేసి, రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

లెక్చరరమ్మకి ఒళ్లు మండిపోయింది.

ఆవిడ కాలేజీలో చరిత్ర చెప్తుంది. చరిత్రని కాళ్లతో చదవాలంటూ రోజూ పొద్దున్నే ఓ గుంపుని వెంటేసుకుని ఆ గట్టు మీద నడుస్తుంది. ఓ దర్జీ, ఓ నర్సు, ఇంకో నలుగురు. పాత శాసనంలో పొలిమేర ఎలా చెప్పారో అలాగే నడవాలి. చీలిన బండ దగ్గర మొదలు, గట్టు మీదుగా, గండి దాటి, వాగు మలుపు దాకా. అడుగు పక్కకి పడితే ఊరుకోదు.

ఇప్పుడా గట్టుని చదును చేసి క్వారీకి రోడ్డు వేస్తామని కంపెనీ దిగింది. లెక్చరరమ్మ కోర్టుకెక్కింది. వకీలు సొంత మరిదే, చెల్లెలి మొగుడు.

"సోమవారం కోర్టు వింటుంది వదినా. స్టే తెప్పించే పూచీ నాది. అంతదాకా గట్టు నిలబడితే చాలు."

"నిలబడక ఎక్కడికి పోతుంది? మేం లేమూ?"

బుల్డోజరు వచ్చిన మొదటిరోజు అందరూ దానికి అడ్డంగా నిలబడ్డారు. ఆవిడ గొంతెత్తి గట్టు కథా, సోమవారం కోర్టు సంగతీ చెప్తుంటే డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి విన్నాడు. యాభై దాటిన మనిషి, చొక్కా నిండా నూనె మరకలు.

"ఈ మట్టంతా ఎవరు మోశారమ్మా?" అన్నాడు.

"నీలాంటివాళ్లే. రాజు పేరు రాయి మీద ఉంది. మోసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. వాళ్లు తట్టలతో మోసి కట్టారు, నువ్వు కూలగొడతావు. సిగ్గనిపించడం లేదూ?"

అతను మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

మర్నాడే బండి గండిలో చతికిలబడింది. వెనకాల లారీలకి కూడా దారి లేకుండా పోయింది. విడిభాగం పట్నం నుంచి రావాలన్నాడు డ్రైవరు. అది వచ్చేదాకా సీట్లో కాళ్లు చాపుకుని ఒకటే నిద్ర. దర్జీ అతనికి గురక అని పేరు పెట్టాడు. సూపర్‌వైజరు రోజూ వచ్చి తిట్టిపోస్తే, గురక తల గోక్కుని, ఇంజను మూత ఎత్తి, కాసేపు కుస్తీ పట్టి, మళ్లీ దించేసేవాడు.

తమని చూసి కంపెనీ జడుసుకుందని లెక్చరరమ్మ నమ్మకం. అది సరే, గండి మూసుకుపోతే ఎలా? చుట్టూ తిరిగి పోవాలంటే మోకాలి లోతు బురద. శాసనం రాసినవాడు బురదలో దిగమని ఎక్కడా రాయలేదు.

నేరుగా గురక దగ్గరికే వెళ్లి, బండి తియ్యమంది. సూపర్‌వైజరు పక్కనే ఉన్నాడు.

గురక గొంతు తగ్గించి, "ఈ నాలుగు రోజులూ ఓర్చుకోండమ్మా," అన్నాడు.

"మా దారిన మేం నడవడానికి నీ అనుమతి కావాలా? వెయ్యేళ్లుగా ఎవరూ మూయని దారి. మూయడానికి నువ్వెవడివి?"

గుంపంతా చప్పట్లు కొట్టింది.

ఆ రోజుకి బురదలోనే చుట్టూ తిరిగి, ఆ కాళ్లతోనే అందరూ పోలీస్ స్టేషనుకి వెళ్లి, పదిమందీ నడిచే దారికి అడ్డం పెట్టారని ఫిర్యాదు ఇచ్చారు. మరిది ఫోన్‌లో నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. కేసు చేతికందబోతోంది, ఈలోగా కొత్త గొడవలెందుకు, నాలుగు రోజులు బురదలో నడిస్తే కొంపలు మునగవు అన్నాడు.

"తల వంచుకుని పక్కదారిన పోయేదాన్నైతే అసలు కోర్టుకెందుకెక్కుతాను?" అని ఫోను పెట్టేసింది.

తెల్లారేసరికి దారి ఖాళీ కావాలని ఇన్‌స్పెక్టరు కంపెనీకి గట్టిగా చెప్పాడు. సూపర్‌వైజరు కోపమంతా డ్రైవరు మీద పడింది. అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. గురక క్యారియరు చేత పట్టుకుని, గట్టు మీదుగానే నడిచి వెళ్లిపోయాడు.

పీడ విరగడైందంది నర్సు.

పొద్దున్నే కొత్త డ్రైవరు వచ్చాడు. ఇంజను మూత ఎత్తాడు, దించాడు, తాళం తిప్పాడు. బండి గుర్రుమంటూ లేచి గండిలోంచి బయటికొచ్చింది. గెలిచామని అందరూ చేతులు కలుపుకున్నారు.

బండి వాళ్ల ముందే తిరిగి, గట్టుకి బ్లేడు ఆనించింది.

లెక్చరరమ్మ పరుగెత్తి అడ్డం నిలబడింది. "నన్ను తొక్కి పో," అంది. మిగతావాళ్లూ వచ్చి చేతులు పట్టుకుని నిలబడ్డారు. దారి ఖాళీ చేయించడానికి వచ్చిన పోలీసులే వాళ్లని ఒక్కొక్కర్నీ ఎత్తి పక్కన పెట్టారు. ఆవిడ మళ్లీ వెళ్లింది. మళ్లీ ఎత్తుకొచ్చారు. గొంతు పోయేదాకా అరుస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి గట్టు లేదు, గండీ లేదు. అంతా ఒక్క మైదానం.

పట్నం నుంచి రావాల్సిన సామాను లేకుండా బండిని ఎలా బాగుచేశావని సూపర్‌వైజరు కొత్త డ్రైవర్ని మెచ్చుకున్నాడు.

పక్కనే మట్టిలో కూలబడి ఉన్న లెక్చరరమ్మకి ఆ జవాబు స్పష్టంగా వినిపించింది.

"నేను బాగుచేసిందేం లేదు సార్, బండికి ఏ రోగమూ లేదు, పాతాయనే ఓ వైరు ఊడదీసి, టేపు చుట్టి దాచి, ఇన్నాళ్లూ దీన్ని కదలనివ్వలేదు."